ఎక్కే దారికి లెక్క లేదు

విశాఖ మన్యం పత్రికల్లోకి ఎక్కేది నాలుగు సందర్భాల్లో. డిసెంబరులో చలి, ఏడాది పొడుగునా గంజాయి, వానాకాలంలో డోలీ మోత, ఎప్పుడైనా ఏ మలుపులోనో బస్సు బోల్తా. ఈ నాలుగూ నిజాలే, రాయవలసినవే. కానీ ఆ కొండలకున్న ఐదో నిజాన్ని పట్టించుకున్న నాథుడు లేడు. సముద్రపు ఒడ్డున బయల్దేరిన మనిషిని తన కాళ్ల బలంతో, ఒక్క పూటలో, దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తుకు చేర్చే రోడ్లు అక్కడున్నాయి. ఒకటి కాదు, పక్కపక్కనే మూడు. సైకిల్ తొక్కేవాళ్లకు దక్షిణ భారతంలో ఇంతకన్నా మంచి దారులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కూడా లేవని నా నమ్మకం. ఆ మాట ఎవరూ అనకపోవడం నాకు ఏళ్ల తరబడి గుండెలో ముల్లు.

మొదటిది అందరికీ తెలిసిన అరకు దారి. కార్లలో, బస్సుల్లో వెళ్లేవాళ్లకు తెలిసిందని నా ఉద్దేశం. సైకిల్ మీద అది వేరే దారి. తెల్లవారుజామున విశాఖలో బయల్దేరితే పెందుర్తి, కొత్తవలస, లక్కవరపుకోట మీదుగా శృంగవరపుకోట దాకా దాదాపు చదునే. మామిడి తోటలు, జీడి తోటలు దాటుకుంటూ పోతుంటే బొడ్డవర దగ్గర కొండ ఎదురొచ్చి నిలబడుతుంది. అక్కడ మొదలైన ఘాటీ అనంతగిరి దాకా మనిషిని వదలదు. నిండా జనాన్ని ఎక్కించుకున్న ఆర్టీసీ బస్సు ఎక్కగలగాలని వేసిన రోడ్డు కనుక వాలు ఎక్కడా మరీ నిలువుగా ఉండదు. అలాగని ఊపిరి తీసుకోనిచ్చేంత చదునూ ఇవ్వదు. సైకిల్ తొక్కేవాళ్లకు కావలసింది సరిగ్గా ఇదే. నిలువు ఎక్కుడు మనిషిని దింపి నడిపిస్తుంది. ఎడతెగని నిదానపు ఎక్కుడు మనిషిని తయారుచేస్తుంది.

ఆ మలుపుల్లో ఒక విద్య ఉంది. మనది ఎడమవైపు నడిచే దేశం కనుక, ఎడమకు తిరిగే మలుపులో లోపలి అంచు మన వాటాకొస్తుంది. అక్కడ వాలు ఒక్కసారిగా బిగుస్తుంది, గేరు ముందే తగ్గించుకోకపోతే చైను గిలగిలలాడుతుంది. కుడికి తిరిగే మలుపులో బయటి అంచు మనది, కాళ్లకు నాలుగు తొక్కుళ్ల విశ్రాంతి దొరుకుతుంది. బిగువు, వదులు, బిగువు, వదులు. కాసేపటికి ఊపిరి ఆ లయకే అలవాటు పడుతుంది. దముకు దాటాక లోయ విచ్చుకుంటుంది. ఎగువకు పోయేకొద్దీ సిల్వర్ ఓక్ చెట్ల మొదళ్లకు అల్లుకున్న మిరియాల తీగలు, వాటి నీడలో కాఫీ మొక్కలు. వేసవి తొలి జల్లు పడ్డాక కొద్ది రోజుల పాటు ఆ మొక్కలు తెల్లగా పూస్తాయి. ఆ వాసన కారు అద్దాల్లోంచి లోపలికి రాదు, గంటకు ఎనిమిది కిలోమీటర్ల వేగంతో పోయేవాళ్లకే అందుతుంది. ప్రతి వెయ్యి మీటర్లకూ ఆరేడు డిగ్రీల వేడి తగ్గుతుందని భూగోళం పుస్తకంలో చదువుకున్నాం. ఆ పాఠాన్ని ఒంటి మీద చెమట ఆరడంతో తెలుసుకునే చోటు ఇది. సుంకరమెట్ట చేరేసరికి, కింద పెందుర్తిలో మనం వదిలొచ్చింది వేరే రుతువేమో అనిపిస్తుంది.

ఈ రోడ్డుకు జోడుగా ఒక రైలు మార్గం కూడా కొండెక్కుతుంది. బైలాడిల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి 1960ల్లో వేసిన కొత్తవలస–కిరండూల్ లైను. 58 సొరంగాలు. దాన్ని వేసినవాళ్ల పనితనాన్ని పొగుడుతూ ఎన్నో వ్యాసాలొచ్చాయి, రావలసిందే. ఆ లైనులోని శిమిలిగూడ స్టేషను సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. చాలా కాలం దేశంలోకెల్లా ఎత్తైన బ్రాడ్ గేజ్ స్టేషనన్న పేరు దానిదే. ఆ సంగతి మనకెలా తెలుసు? స్టేషన్ల పసుపు బోర్డు మీద ఊరి పేరు కింద ఎత్తు రాసే ఆనవాయితీ రైల్వేకు ఉంది కాబట్టి. బొడ్డవర నుంచి అరకు దాకా రైలు ఎంత ఎక్కిందో స్టేషను స్టేషనుకూ చూసుకోవచ్చు.

పక్కనే, అదే కొండను, అంతే కష్టపడి ఎక్కే రోడ్డు మీద ఏముంది? ‘ప్రమాదకరమైన మలుపు’ అని ఉంది. ‘నిదానమే ప్రధానం’ అని ఉంది. ఊరి దూరాలున్నాయి. ఘాటీ ఎక్కడ మొదలైంది, ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని మీటర్ల ఎత్తు ఎక్కాలి, ముందున్న కిలోమీటరులో వాలు ఎంత, పైకి చేరాక మనం ఉన్న ఎత్తెంత? ఇవి చెప్పే రాయి నాకు ఎక్కడా కనబడలేదు. ఆ దారి కొలత సైకిల్ తొక్కేవాళ్ల ఫోన్లలో తప్ప రోడ్డు మీద లేదు. కొలవని దానికి విలువ కట్టరు. నా బాధకు మూలం ఇదే.

రెండోది పాడేరు ఘాటీ. దీన్ని గురించి పర్యాటకుల్లో సగం మందికి తెలియదు. చోడవరం, వడ్డాది మీదుగా మాడుగుల చేరాలి. ఘాటీకి ముందు మాడుగులలో హల్వా తినాలి. గోధుమ పాలు, నెయ్యి, జీడిపప్పు కలిసిన ఆ హల్వాను మించిన తిండి ఎక్కుడుకు ముందు ఇంకొకటి లేదని నా అభిప్రాయం. సైకిల్ వాళ్లు సత్తువ కోసం తినే, విదేశీ పొట్లాల్లో అమ్మే జెల్లులు దాని ముందు దిగదుడుపే. మాడుగుల దాటి గరికబంద మీదుగా ఎక్కే ఆ దారి అరకు దారంత వెడల్పు కాదు, అంత రద్దీ కూడా ఉండదు. అడవి రోడ్డు మీదికి ఒరిగి ఉంటుంది. వానాకాలం చివర్లో గెడ్డలు రోడ్డు పక్కనే దూకుతుంటాయి, సీసా పట్టి నింపుకోవచ్చునన్నంత దగ్గరగా. పైన పాడేరు, 2022 ఏప్రిల్ 4 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాకు కేంద్రం.

మూడోది లంబసింగి ఘాటీ. నర్సీపట్నం నుంచి డౌనూరు మీదుగా ఎక్కుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడ మంచు చూడటానికి జనం రాత్రంతా కార్లలో ఎగబడతారు. ఆ రెండు నెలలు వదిలేస్తే, మిగిలిన ఏడాదంతా ఆ దారి మీద ఆర్టీసీ బస్సులు, జీపులు, సంతకు పోయే జనం తప్ప పెద్దగా సందడి ఉండదు. ఇలాంటి ఎక్కుడు ఇంత ఖాళీగా దొరకడం ఎంత అరుదో ఊటీ ఘాట్లో లారీల పొగ మింగినవాళ్లకు తెలుస్తుంది.

ఈ మూడు ఘాటీలను పైన కలిపే రోడ్డు ఒకటుంది చూడండి, అసలు సంపద అది. అరకు నుంచి డుంబ్రిగూడ, చాపరాయి, హుకుంపేట, పాడేరు. అక్కడి నుంచి జి.మాడుగుల, కొత్తపల్లి జలపాతం, చింతపల్లి, తాజంగి, లంబసింగి. కొండల మీది పీఠభూమి ఇదంతా. చదును అనడానికి లేదు, ఘాటీ అనడానికీ లేదు. ప్రతి మెట్టకూ ఒక ఎక్కుడు, ప్రతి గెడ్డకూ ఒక దిగుడు. మెట్ల మెట్లుగా వరి మళ్లు, చోడి చేలు, పసుపు, చింతపల్లి వైపు రాజ్మా. చలికాలం మొదట్లో వలిసె పూసిందంటే లోయ లోయంతా పచ్చగా, కంటికి దెబ్బ తగిలేంత పచ్చగా ఉంటుంది. సంత రోజున ఏ చెట్టు కిందో చోడి అంబలి దొరుకుతుంది. విశాఖలో బయల్దేరి అరకు ఘాటీ ఎక్కి, పైన ఈ దారంతా తొక్కి, లంబసింగి ఘాటీ దిగి, నర్సీపట్నం, అనకాపల్లి మీదుగా తిరిగి విశాఖ చేరితే 300 కిలోమీటర్లు దాటే చుట్టు. కొలిచి, పేరు పెట్టి, పటం గీసి పెడితే దేశం నలుమూలల నుంచీ సైకిళ్లు రావలసిన చుట్టు ఇది.

లంబసింగి రోడ్డు గురించి ఇంకొక మాట చెప్పకుండా ముందుకు పోలేను. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి ఘాట్ రోడ్డు పడిన కథ తెలుగువాళ్లందరూ తెలుసుకోవలసిన కథ. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం జనాన్ని బలవంతంగా ఈ రోడ్డు పనికి తోలాడు. చేయించుకున్న చాకిరీకి సరైన కూలి ఇవ్వలేదు. అడిగినవాళ్లను హింసించాడు. 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన లేచిన తిరుగుబాటుకు అడవి చట్టాలతో పాటు ఈ రోడ్డు పని వెట్టి కూడా ఒక కారణమని చరిత్రకారులు రాశారు. ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజుల్లో మూడు స్టేషన్ల మీద దాడి. ఆ మూడు ఊళ్ల మధ్య దారి సైకిల్ మీద తొక్కినవాళ్లకు ఆ మనుషుల కాలి సత్తువ ఏమిటో అర్థమవుతుంది. ఎత్తులు, వాగులు, మలుపులు, వానాకాలం, పైగా కాలినడక. పుస్తకంలో మూడు తేదీలుగా కనబడేది అక్కడ తొడల నొప్పిగా తెలుస్తుంది.

అలాంటి దారి మీద ఒక ఎర్రరాతి గుర్తయినా ఉండొద్దా? ఫలానా మలుపు దాకా రాళ్లు మోసినవాళ్లు ఏ ఊళ్లవాళ్లు, ఎవరి వెన్ను వంగి ఈ రోడ్డు పడింది అని చెప్పొద్దా? జిల్లాకు పేరు పెట్టాం, విగ్రహాలు పెట్టాం. ఏ రోడ్డు వెట్టి కోపం తెప్పించిందో ఆ రోడ్డును మాత్రం మంచు చూడ్డానికి పోయే దారిగా మిగిల్చాం. ఇది నాకు సిగ్గుగా ఉంటుంది.

ఇతర చోట్ల ఏం చేశారో చూడండి. ఫ్రాన్సులో సైకిల్ పందెం టూర్ దె ఫ్రాన్స్ 1903లో మొదలైంది. మొదటి ఏళ్లలో అది పిరనీ పర్వతాల్లోని పెద్ద కనుమల జోలికి పోలేదు. 1910లో తొలిసారి తూర్మలె కనుమ ఎక్కించారు. 2115 మీటర్ల ఎత్తు, అప్పట్లో మట్టి దారి. ఆ కనుమ పేరు ఇప్పుడు ప్రపంచంలో సైకిల్ తొక్కే ప్రతివాళ్లకూ తెలుసు. ఆ కొండ ఎత్తు పెరగలేదు, మనుషులు దాన్ని చూసే చూపు మారింది. ఇవాళ ఆల్ప్స్‌లో, పిరనీల్లో పేరున్న చాలా ఎక్కుళ్ల పక్కన కిలోమీటరుకొక రాయి గానీ పలక గానీ ఉంటుంది. శిఖరం ఇంకెంత దూరం, ఇప్పుడున్న ఎత్తెంత, రాబోయే కిలోమీటరులో సగటు వాలెంత, ఇవన్నీ సైకిల్ వాళ్ల కోసమే ప్రభుత్వం రాయించింది. ఆ పలకలు చూసుకుంటూ ఎక్కడానికి దేశదేశాల నుంచి జనం వచ్చి, ఆ కొండ ఊళ్లలో తిని, పడుకుని, డబ్బు ఖర్చుపెట్టి వెళ్తారు.

అంత దూరం ఎందుకు, నీలగిరులు చూడండి. 2008లో మొదలైన టూర్ ఆఫ్ నీలగిరీస్ పుణ్యమా అని మసినగుడి నుంచి ఊటీకి ఎక్కే 36 మలుపుల కల్హట్టి దారి పేరు హైదరాబాదు సైకిల్ బృందాల నోళ్లలో నానుతుంది. బెంగళూరు వాళ్లకు నంది కొండ ఉంది. శనాదివారాలు తెల్లారేసరికి అక్కడ సైకిళ్లే సైకిళ్లు. ఆ ఎక్కుడు మన ఘాటీలలో ఏ ఒక్కదాని పక్కన పెట్టినా పొడవులో తక్కువ. మనవాళ్లు మాత్రం సైకిల్ విప్పి పెట్టెలో సర్ది, విమానమెక్కి మనాలి పోతారు, ఊటీ పోతారు, కూర్గ్ పోతారు. తిరిగొచ్చి ఫొటోలు చూపిస్తారు. మంచిదే, వెళ్లాలి. కానీ అరకు ఘాటీ ఎప్పుడైనా ఎక్కావా అంటే, రైల్లో వెళ్లాం, అద్దాల పెట్టెలో, చాలా బాగుంది అంటారు. విశాఖలో ఉన్నవాళ్లు సైతం భీమిలి రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతూ, మహా అయితే సింహాచలం కొండో కైలాసగిరో ఎక్కి, అదే కొండ సాధన అనుకుంటారు. ఈ నింద నా తోటి సైకిల్ వాళ్ల మీద మోపడానికి నాకు సంకోచం లేదు. ముందు మనం ఎక్కాలి. మనమే ఎక్కని కొండను ఇంకొకరు ఎందుకు లెక్కచేస్తారు?

దూరపు సైకిల్ సవారీల్లో బ్రెవేలని ఉన్నాయి. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40 గంటల గడువు. ఒక్క ఏడాదిలో ఈ నాలుగూ పూర్తిచేస్తే సూపర్ రాండొన్యూర్ అంటారు. నాలుగేళ్లకొకసారి జరిగే పారిస్–బ్రెస్ట్–పారిస్‌కు మనవాళ్లూ పోతున్నారు. 1200 కిలోమీటర్లు, 90 గంటలు, మొత్తం మీద 11 వేల మీటర్లకు పైగా ఎక్కుడు. అక్కడ పెద్ద కొండ ఒక్కటీ లేదు, అంతా ఎడతెగని ఎత్తుపల్లాలే. అంటే అచ్చంగా అరకు నుంచి చింతపల్లి దాకా ఉన్న దారి లాంటిది. మరి మన బ్రెవేలలో ఎక్కువ భాగం ఎక్కడ జరుగుతాయి? జాతీయ రహదారి అంచున, లారీల గాలి కోతలో, చదునులో. ఇంటి దగ్గరే బడి పెట్టుకుని పిల్లవాణ్ని పరీక్షకు వేరే పాఠం చదివించి పంపుతున్నాం.

డబ్బు లేక కాదు. హైదరాబాదు అవుటర్ రింగు రోడ్డు పక్కన సౌరపలకల నీడలో 23 కిలోమీటర్ల సైకిల్ దారి వేసి 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. మంచి పని. ఊరి పిల్లలు భయం లేకుండా తొక్కుకుంటున్నారు. దాన్ని చూసినప్పుడు రాష్ట్రం తలచుకుంటే సైకిల్‌ను గౌరవించగలదని సంతోషం కలుగుతుంది. ఇటువైపు రాష్ట్రంలో, ఉన్న రోడ్డుకు ఒక రాయి పాతించుకోలేకపోయామే అన్న దుఃఖమూ వెంటనే కలుగుతుంది.

ఒకసారి ఒక కార్యాలయంలో ఈ మాట ఎత్తాను. అక్కడి అధికారి శ్రద్ధగానే విన్నారు. విని, ‘‘సైకిల్ మీద వచ్చేవాళ్లు గదులు తీసుకుంటారా సార్?’’ అని అడిగారు. ఆ ప్రశ్నకు నేనప్పుడు చెప్పిన జవాబే ఇక్కడా రాస్తున్నాను. తీసుకుంటారు. కారులో వచ్చినవాళ్లు పొద్దున బొర్రా గుహలు, మధ్యాహ్నం అరకు, సాయంత్రం తిరుగు ప్రయాణం. చాలామంది రాత్రి కూడా ఆగరు. సైకిల్ మీద ఎక్కినవాళ్లకు అదే రోజు దిగే ఓపిక ఉండదు. పడుకోవాలి, వేడినీళ్లు కావాలి, రెండు పూటల తిండి ఒక పూటలో తింటారు. పెద్ద ఊరిదాకా పోకుండా, అలసిన చోట ఆగుతారు. అంటే సుంకరమెట్టలో, హుకుంపేటలో, జి.మాడుగులలో, పర్యాటకుల కార్లు ఆగకుండా దాటిపోయే ఊళ్లలో. ఒక ఇంటి వసారా, శుభ్రమైన మరుగుదొడ్డి, వేడి అన్నం, పనసకాయ కూర ఉంటే చాలు. రోప్‌వేలు, అద్దాల వంతెనల ద్వారా ఆ ఇంటికి చేరని రూపాయి సైకిల్ మీద చేరుతుంది. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, పారిస్‌లో కూడా అమ్ముడుపోతోంది. ఆ కాఫీ పండించే ఇంట్లోనే కూర్చుని తాగే మనుషులు కూడా రావాలి కదా.

నాకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇంకొకటుంది. దానికి తల వంచుతాను. రోడ్డే లేని ఊళ్లు ఇంకా ఉన్నాయి. నిండు గర్భిణిని డోలీలో మోసుకుపోయే దారుల దగ్గర నిలబడి సైకిల్ ముచ్చట్లా? అంటారు. న్యాయమే. డోలీ మోసే ఊరికి పడాల్సిన రోడ్డు డబ్బులోంచి ఒక్క పైసా నేనడగను. అలా అడిగేవాళ్లు ఈ కొండలను ప్రేమించినట్టు కాదు. నేనడిగేవి ఉన్న రోడ్డుకు సంబంధించినవి. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం పోయే దారిని 516-ఈ జాతీయ రహదారిగా వెడల్పు చేస్తున్నారు. వెడల్పుతో వేగం వస్తుంది. ఆ వేగానికి మొదట బలయ్యేది సైకిల్ వాళ్లు కాదు, నెత్తిన తట్ట, చంకన బిడ్డతో రోడ్డు అంచున సంతకు నడిచే ఆడమనిషి. అంచున మీటరున్నర నున్నటి భుజం వదిలితే అది ముందు ఆమెకు పనికొస్తుంది, ఆ తర్వాత బడికి పోయే పిల్లకు, చివర నాలాంటివాళ్లకు. ఎక్కడైనా మలుపు తీసి రోడ్డు తిన్నగా వేస్తే, వదిలేసిన పాత ముక్కను తవ్వి పారేయవద్దు. కార్లకు అక్కరలేని ఆ వంపే నడిచేవాళ్లకూ సైకిల్ వాళ్లకూ వరం.

భద్రత మాటేమిటని అడుగుతారు. ఒక కాలంలో ఈ కొండల్లో భయం ఉండేది నిజమే. తెలియని మనిషి కనబడితే పోలీసులూ ఆపేవారు, ఊళ్లవాళ్లూ అనుమానంగా చూసేవారు. ఇప్పుడూ తనిఖీ దగ్గర సంచి విప్పమంటారు. విప్పి చూపిస్తే పోనిస్తారు. వానాకాలంలో కొండచరియలు పడతాయి, రాత్రి పూట మంచులో బస్సు లైటు కనబడేసరికి దగ్గరకొచ్చేస్తుంది. ఇవన్నీ జాగ్రత్తలు చెప్పవలసిన సంగతులు, దారిని వదిలేయడానికి సాకులు కావు. ఆల్ప్స్‌లో ఎత్తైన కనుమలు చలికాలమంతా మంచుకు మూసే ఉంటాయి. వాటిని ఎవరూ తీసిపారేయలేదు.

అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది పిల్లల సంగతి. కొలంబియాలో బోయకా అనే కొండ ప్రాంతంలో రైతు కుటుంబంలో పుట్టిన నైరో కింటానా రోజూ కొండదారిలో సైకిల్ మీద బడికి పోయి వచ్చేవాడు. ఆ కుర్రాడే 2014లో ఇటలీ సైకిల్ పందెం జిరో ది ఇటాలియా, 2016లో స్పెయిన్ పందెం వుయెల్తా గెలిచాడు. అదే దేశపు ఈగన్ బెర్నాల్ 2019లో టూర్ దె ఫ్రాన్స్ గెలిచాడు. అవీ కాఫీ పండే దేశపు కొండలే. మన ఘాటీల మీద పిల్లలకు ఊపిరి లేదా, కాలు లేదా? రోజూ కిలోమీటర్ల కొద్దీ ఎక్కి దిగే పిల్లలు వాళ్లు. 2014 మే నెలలో, 13 ఏళ్ల వయసులో మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. ఒక గురుకుల పాఠశాల ఆ పిల్లలో శక్తిని చూసింది, భువనగిరి గుట్ట మీద శిక్షణ ఇప్పించింది. చూసే కన్ను ఉంటే ఏమవుతుందో మన తెలుగు నేల మీదే రుజువైంది. ఆ కన్ను సైకిల్ వైపు తిరగలేదు. బడికొస్తా పేరుతో ప్రభుత్వ బడుల ఆడపిల్లలకు సైకిళ్లు పంచిన రోజులున్నాయి. మేలైన ఆలోచన అది. కానీ గేర్లు లేని బరువు సైకిల్ మైదానంలో బడికి తీసుకుపోతుంది, హుకుంపేట మెట్ట మీద పిల్ల చేత తనను నెట్టించుకుంటుంది. పాడేరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) పరిధిలోని కొన్ని ఆశ్రమ పాఠశాలలకైనా గేర్ల సైకిళ్లు, వాటిని బాగుచేయడం తెలిసిన ఒక మనిషి, ఒక శిక్షకుడు. ఇంత చేసి ఐదేళ్లు ఆగి చూడండి. ఘాటీ ఎక్కడంలో మా దిగువ వాళ్లను ఆ పిల్లలు వెనక వదిలేసి పోతారు. అందులో నాకు సందేహం లేదు.

రైల్వేకూ ఒక మనవి. విశాఖ–కిరండూల్ పాసింజరులో సైకిల్ వేయాలంటే ఇప్పుడు లగేజీగా బుక్ చేసి బ్రేక్ వ్యానులో పంపాలి, చిన్న స్టేషనులో దించుకునేంతసేపు బండి ఆగదు. ఒక పెట్టెలో ఒక మూల పది కొక్కేలు బిగించండి. ఎక్కలేనివాళ్లు రైల్లో పోయి సైకిల్ మీద దిగుతారు, ఎక్కినవాళ్లు సైకిల్‌తో రైల్లో దిగుతారు. ఒకప్పటి ఎర్ర బస్సు టాపు మీద గంపలతో పాటు సైకిల్ కూడా ఎక్కేది. ఇప్పటి బస్సులకు టాపు లేదు, నిచ్చెన లేదు. ఘాటీ బస్సులకైనా వెనక ఒక స్టాండు పెట్టడం ఆర్టీసీకి భారం కాదు.

రోడ్లు భవనాల శాఖ వారికీ, జాతీయ రహదారుల వారికీ, జిల్లా కలెక్టరు గారికీ నేను చేసే మొదటి విజ్ఞప్తి మాత్రం రాళ్ల గురించే. బొడ్డవర నుంచి అనంతగిరికి, మాడుగుల నుంచి పాడేరుకు, డౌనూరు నుంచి లంబసింగికి, కిలోమీటరుకొక రాయి. దాని మీద నాలుగు అంకెలు: ఎక్కడానికి మిగిలిన దూరం, ఇక్కడి ఎత్తు, ముందున్న వాలు, ఘాటీ మొత్తం పొడవు. అంకెలు తెలుగులోనూ అర్థమయ్యేలా రాయించండి. లంబసింగి దారి మొదటి రాయి మీద మాత్రం ఇంకొక వాక్యం అదనంగా చెక్కించండి, ఈ రోడ్డు వేసింది వెట్టికి గురైన మన్యం ప్రజలని.

చదివే మీకు ఒక మాట. మీరు ఈ చలికాలం కారులో కొండెక్కుతారు, నాకు తెలుసు. ఏదో మలుపులో, వంగి తొక్కుతూ పోతున్న మనిషి కనబడితే వెనక నుంచి హారన్ కొట్టకండి. మీటరున్నర వదిలి, ఎదురుగా ఏమీ రాకుండా చూసుకుని దాటండి. వచ్చే ఏడాదికి మీ పిల్లల్లో ఎవరైనా ఆ దారి తొక్కుతామంటే వద్దనకండి. మీరూ వెంట వెళ్లండి.